వటువు, వడుగు, వామనగ్రహం

సందేహం: మాది మహారాష్ట్రలోని సిరొంచ. మా అబ్బాయి మరాఠీ పాఠంలో ప్లూటోను ‘బటుగ్రహ’ అన్నారు. తెలుగు పత్రికలేమో ‘మరుగుజ్జు గ్రహం’ అంటున్నాయి. వాడికి తెలుగులో ఏమని చెప్పాలి? ‘బటు’ మనకు లేని మాటేనా?

సమాధానం: ఎందుకు లేదు? ఉపనయనం పీటల మీద కూర్చున్న పిల్లవాణ్ని మీ ఊళ్లో మరాఠీవారు ‘బటు’ అంటారు, తెలుగువారు ‘వటువు’ అంటారు. సంస్కృతంలో వటు, బటు రెండు రూపాలూ ఉన్నాయి. చెరొకటి తీసుకున్నాం, అంతే. ఆ వటువే తెలుగువాడి నోట ‘వడుగు’ అయింది. ఉపనయనాన్ని ‘ఒడుగు’ అనడం మీ పెద్దలకు తెలిసే ఉంటుంది.

వడుగు పేరెత్తాక పోతన దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. యాగశాలలోకి నడిచివచ్చిన పొట్టి బ్రహ్మచారిని చూసి బలిచక్రవర్తి ‘వడుగా! యెవ్వరివాడ వెవ్వడవు’ అని అడుగుతాడు. ఎంత ముద్దైన పిలుపు! పసివాడనుకుని చనువుగా పలకరిస్తున్నాడు పాపం. దానం ధారపోశాక ఆ పిల్లవాడు పెరగడం మొదలుపెడతాడు. అప్పుడు పోతన ‘వడుగు’ అనడు, ‘ఇంతింతై వటుడింతయై’ అంటాడు. ఇంటి మాటతో పలకరించిన నోటితోనే, ఆకాశం దాకా ఎదగడానికి సంస్కృత రూపాన్ని అందుకున్నాడు. మబ్బులు దాటి, చంద్రుణ్ని దాటి, ధ్రువుణ్ని దాటి సాగిపోతుంది ఆ శార్దూల పద్యం. నేలమీది కుర్రవాడి పేరు నక్షత్రాల మధ్యకు చేరింది అక్కడే. అందుకే ‘బటుగ్రహ’ అన్న మరాఠీవారిని మనసారా మెచ్చుకుంటున్నాను.

ఇక ప్లూటో సంగతి. 1930లో క్లైడ్ టాంబా కనిపెట్టాడు. అడ్డుకొలత సుమారు 2,377 కిలోమీటర్లు, మన చంద్రుడికంటే చిన్నది. సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 248 ఏళ్లు పడుతుంది కాబట్టి, మన కంటపడ్డాక ఇంకా ఒక్క ప్రదక్షిణ కూడా పూర్తికాలేదు. గుండ్రంగానే ఉన్నా తన దారిలోని ఇతర శకలాలను తొలగించుకోలేదని 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని గ్రహాల వరుసలోంచి తప్పించింది.

ఆ వార్తకు మన పత్రికలు అందుకున్న మాట ‘మరుగుజ్జు’. వ్యాకరణం తప్పుపట్టదు, నా మనసు ఒప్పుకోదు. పొట్టిగా పుట్టిన మనుషులను వెక్కిరించడానికి వాడి వాడి ఆ మాటను పాడుచేశాం. ఇప్పుడు దాన్ని ఆకాశానికి కూడా అంటించాలా? చక్కని మాటలు ఇంట్లో ఉండగా ఈ తొందరపాటు ఏమిటి?

అయితే నేను మెచ్చిన ‘వటుగ్రహం’లోనూ ఒక చిక్కుంది. వటువు అంటే కుర్రవాడు, పొట్టివాడు కాదు. పొట్టితనం వామనుడి కథవల్ల అంటింది. ‘వామన’ శబ్దానికి ఆ అర్థం నేరుగానే ఉంది. కనుక రాతలో ‘వామనగ్రహం’ మేలనిపిస్తుంది. సిరొంచలో, రెండు భాషల పిల్లవాడికి చెప్పేటప్పుడు ‘వటుగ్రహం’ అన్నా నేను కాదనను. ‘బటు’ను మాత్రం తెలుగులోకి అలాగే దించకండి. మన ‘బటువు’ వేరే మాట, గుండ్రనిదని అర్థం.

మరాఠీ పరీక్షలో అబ్బాయిని పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.