స్లాబ్ కోసం పీఎఫ్ తీసేయొచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి కాకినాడలో బీటెక్ చదివి, 2023 జూలైలో హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. జీతం ఏడాదికి 6 లక్షల 20 వేలు. ఇప్పుడు బెంగళూరులో 12 లక్షలకు ఆఫర్ వచ్చింది. పాత కంపెనీ పీఎఫ్‌లో లక్షా 70 వేలు ఉన్నాయట. చేరేలోపు తీసేసి ఇంటికి స్లాబ్ వేద్దాం అంటున్నాడు. 12 లక్షల దాకా టాక్స్ లేదు కదా అని ఇంతవరకు రిటర్న్ కూడా వేయలేదు. పెనాల్టీ పడుతుందేమోనని నాకు టెన్షన్. వాళ్ల అమ్మమ్మ వాడి పేర రాసిన ఎకరం కొబ్బరితోట ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం.

జవాబు: నమస్కారమండీ. ముందు రిటర్న్ సంగతి చూద్దాం. మీ అబ్బాయి పొరపడింది అక్కడే.

పన్ను లేకపోవడం వేరు, రిటర్న్ అక్కర్లేకపోవడం వేరు. 12 లక్షల దాకా పన్ను పడకపోవడానికి కారణం రిబేటు, అంటే లెక్కకట్టిన పన్నులో ఇచ్చే మాఫీ. కొత్త పన్ను విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే. పైగా ఆ 12 లక్షల మాట 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఆదాయానికే చెల్లుతుంది. అంతకుముందు రెండేళ్లూ ఆ గీత 7 లక్షల దగ్గరే ఉంది. మీవాడు ఎలాగూ ఆ లోపలే ఉన్నాడు కాబట్టి ఆ రెండేళ్లకూ పన్ను తేలకపోవచ్చు.

జీతగాళ్లకు గడువు జూలై 31. అది తప్పితే డిసెంబర్ 31 దాకా ఆలస్య రుసుముతో వేయొచ్చు. ఆదాయం 5 లక్షల లోపైతే వెయ్యి, దాటితే 5 వేలు. జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) 75 వేలు తీసేసినా మీ అబ్బాయి ఆదాయం 5 లక్షల 45 వేలు, అంటే పన్ను సున్నా, రుసుము 5 వేలు! పన్ను బాకీ ఉన్నవాళ్లకైతే నెలకు 1 శాతం వడ్డీ కూడా. డిసెంబర్ దాటిపోయిన సంవత్సరాలకు అప్‌డేటెడ్ రిటర్న్ అని ఇంకో దారి ఉంది గానీ, అందులో రిఫండ్ అడగడానికి వీల్లేదు, బాకీ ఉంటే దాని మీద 25 నుంచి 70 శాతం దాకా అదనంగా కట్టాలి. పాత రెండేళ్ల ఫారం-16లు (జీతం, కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితాలు) పట్టుకుని ఒకసారి ఆడిటర్‌ గారి దగ్గర కూర్చోండి. ఈ ఏడాదిది మాత్రం జూలై దాటనివ్వొద్దు. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయమనండి. చాలామంది పిల్లలు సబ్మిట్ నొక్కేసి అయిపోయిందనుకుంటారు. వెరిఫై చేయని రిటర్న్ వేయనట్టే లెక్క.

ఇక పీఎఫ్. పూర్తి సెటిల్‌మెంట్ ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్నవాళ్ల కోసం. పీఎఫ్ ఉన్న ఇంకో కంపెనీలో చేరేవాళ్లు బదిలీ చేసుకోవాలన్నది నియమం. సరే, ఎలాగో తీశాడనే అనుకుందాం. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను లెక్కలోకి వస్తుంది. 50 వేలు, ఆపైన ఉంటే 10 శాతం టీడీఎస్, అంటే చేతికిచ్చే ముందే పట్టుకునే పన్ను, కోసేస్తారు. మీకు ఆ కోత సుమారు 17 వేలు. పాన్ అనుసంధానం కాకపోతే 20 శాతం. కంపెనీ వాటా, దాని మీద వడ్డీ జీతంలో కలుస్తాయి. తన వాటా మీద వడ్డీ ఇతర ఆదాయంలో కలుస్తుంది. తను దాచిన అసలుకు, దాని మీద 80సీ (పొదుపుకు ఇచ్చే) పన్ను మినహాయింపు వాడుకోకపోతే, పన్ను ఉండదు.

మీవాడి బేసిక్ జీతం 20 వేలు అనుకుని లెక్కేశాను. తన వాటా అందులో 12 శాతం, నెలకు 2,400. కంపెనీ ఇచ్చే 2,400లో పింఛను పథకానికి ఏమీ పోదు (2014 సెప్టెంబర్ తర్వాత 15 వేలు దాటిన బేసిక్‌తో తొలిసారి చేరినవాళ్లకు అది వర్తించదు), కాబట్టి పీఎఫ్‌లో పడేది ఆ మొత్తమూ. చేరినప్పటి నుంచి 32 నెలల కంపెనీ వాటా సుమారు 77 వేలు, మొత్తం వడ్డీ ఓ 17 వేలు, కలిపితే 94 వేలు. కొత్త జీతం 12 లక్షల్లో 75 వేలు పోగా 11 లక్షల 25 వేలు. దానికి ఈ 94 వేలు కలిపితే 12 లక్షల 19 వేలు. గీత దాటి 19 వేలు! బోనస్ పడితే ఇంకా పైకి. ఒకవేళ దాటకపోతేనే కోసిన 17 వేలు వెనక్కి వస్తాయి, అదీ రిటర్న్ వేస్తేనే.

నన్నడిగితే పన్నుకన్నా పెద్ద నష్టం సర్వీసు పోవడం. బదిలీ చేస్తే ఈ 32 నెలలూ కొత్త సర్వీసుకు కలుస్తాయి. ఇంకో 28 నెలలకు ఐదేళ్లు నిండుతాయి. పింఛను పథకంలో ఉన్నవాళ్లకైతే దానికి కావాల్సిన పదేళ్లకూ ఇలాంటి సర్వీసు లెక్కకొస్తుంది. నేను మొదటి ఉద్యోగం మానేసినప్పుడు పీఎఫ్, పింఛను సొమ్ము అన్నీ ఊడ్చి బైక్ కొన్నాను. బైక్ ఎప్పుడో తుక్కు కింద పోయింది, ఆ సర్వీసు మళ్లీ మొదటి నెల నుంచి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

బదిలీ దగ్గర మనవాళ్లకు ఎప్పుడూ వచ్చే తంటా ఒకటుంది: ఇంటిపేరు. మొన్న అమలాపురం కుర్రాడొకడు ఫోన్‌లో యూఏఎన్, అంటే ఉద్యోగి పీఎఫ్ నంబరు, తెరిచి చూపించాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టు ఒక్క అక్షరమే. క్లెయిమ్ రెండుసార్లు తిప్పి పంపారు. కంపెనీ ద్వారా జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, కంపెనీ కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) పెట్టి సరిచేయించుకునేసరికి ప్రాణం విసిగిపోయింది వాడికి. మీ అబ్బాయిని పాత కంపెనీ వదిలేముందే పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోమనండి. మానేశాక పాత కంపెనీ చివరి తేదీ ఎక్కించిందో లేదో కూడా చూడాలి. కొత్త కంపెనీలో పాత యూఏఎన్ నంబరే ఇవ్వాలి. తెలియక కొత్తది తీసుకుంటే రెండు ఖాతాలతో ఇంకో తలనొప్పి.

మీ అమ్మాయి కోసమైనా ఈ రిటర్నులు కావాలండీ. రేపు ఆమె చదువు లోనుకు వెళ్తే బ్యాంకు ఇంట్లోవాళ్ల ఆదాయానికి రుజువు అడుగుతుంది. రైతు ఇంట్లో ఆ కాగితం దొరకడం కష్టం. అన్నయ్యవి వరసగా రెండు మూడేళ్లవి ఉంటే పక్కన సంతకం పెట్టడానికి అతనే చాలు.

స్లాబ్‌కు లక్షన్నర కోసం ఇది కదపొద్దు. కొత్త జీతం నాలుగైదు నెలలు పడనివ్వండి.

ఒక్క సంగతి మీరు రాయలేదు. ఆ కొబ్బరితోట మక్తా డబ్బు ఎవరికి అందుతోంది? వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గానీ, అబ్బాయి పేర ఏడాదికి 5 వేలు దాటితే సహజ్ ఫారం, అంటే ఐటీఆర్-1, పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. అది తెలిపితే ఏ ఫారమో ఖాయంగా చెబుతాను.