షాండ్లియర్‌కు పర్సనల్ లోనా?

ప్రశ్న: వెస్ట్ మారేడ్‌పల్లిలో తాతగారి కాలం నాటి ఇల్లు మాది. హాల్లో ఎనిమిది దీపాల ఇత్తడి షాండ్లియర్, గోడలకు ఆరు పాతకాలపు బ్రాకెట్ లైట్లు పెట్టించాలని ఉంది. కొటేషన్ రూ.3 లక్షలు. చేతిలో ఉన్న రూ.80 వేలు కదపకుండా, మొత్తానికీ 16 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఇంటి ఖర్చు నెలకు రూ.45 వేలు.

జవాబు: వద్దు. ఈఎంఐ రూ.10,550 దాకా పడుతుంది. వడ్డీయే దాదాపు రూ.80 వేలు, అంటే మీ దగ్గరున్న సొమ్మంత. అంతకన్నా పెద్ద పొరపాటు, పాత ఇళ్లు ముస్తాబు చేసేవాళ్లలో చాలామంది చేసేది: లైట్ల కొటేషన్‌నే మొత్తం ఖర్చనుకోవడం.

చెక్క పట్టీల మీది పాత వైరింగే ఇంకా నడుస్తుంటే, లైట్ పాయింట్లకు ఎర్త్ ఉండకపోవచ్చు. ఇత్తడి బాడీకి అది తప్పనిసరి. హోల్డర్ దగ్గర పెళుసెక్కిన రబ్బరు తొడుగు చిట్లి తీగ ఇత్తడికి తగిలితే లైటంతా కరెంటే. ఎర్త్ లేకపోతే ఫ్యూజు పోదు, బల్బు మార్చబోయినవాళ్లకే తెలుస్తుంది. అందుకని కొనకముందే ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో (తీగ తొడుగు కరెంటును ఎంత ఆపుతోందో కొలిచే మీటరు) ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. వైరింగ్ మార్చాల్సి వస్తే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రతి పాయింటుకూ ఎర్త్, బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్). షాండ్లియర్‌ను ఫ్యాన్ కొక్కేనికే తగిలిస్తామంటే ఒప్పుకోకండి. దూలానికి చెద పట్టిందేమో చూసి, దానికే వేరే కొక్కెం వేయించాలి.

ఇవన్నీ మీ కొటేషన్‌లో ఉన్నాయా? గోడ తవ్వాక ఈ బిల్లు వస్తే క్రెడిట్ కార్డు గీకుతారు. ఆ బాకీ తీర్చకుండా లాక్కొస్తే ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ. అదే నెలలో ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి పాలైతే?

మీకు కావాల్సింది అత్యవసర నిధి: ఆరు నెలల ఖర్చు, రూ.2.7 లక్షలు. ఇంకా రూ.1.9 లక్షలు తక్కువ. ఈఎంఐ కట్టగలననుకున్న ఆ రూ.10,550నే నెలనెలా ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేస్తే 18 నెలల్లో పూడుతుంది. అప్పటిదాకా షాండ్లియర్ మాటెత్తకండి. వైరింగ్ మాత్రం ఆగదు. పాడైందని తేలితే చేతిలో ఉన్న రూ.80 వేలు తీసేది దానికే, ఆ మేరకు ఆర్‌డీ పొడిగించండి.

గోల్డ్ లోన్‌కు వడ్డీ తక్కువే కావచ్చు, అయినా అలంకరణకు బంగారం తాకట్టేమిటి? నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ చూసుకోండి.

నిధి నిండాక ట్రూప్ బజార్‌లో ముందు ఒక జత బ్రాకెట్లు కొనండి, షాండ్లియర్ చివరికి. బల్బులు 4 వాట్ల ఎల్ఈడీ ఫిలమెంట్, 2700 కెల్విన్ రంగువి (పాత బల్బుల్లాంటి పసుపు వెలుగు) తీసుకోండి. పాత 60 వాట్లవి ఎనిమిదైతే 480 వాట్లు, ఇవి 32. హోల్డర్లకు వేడీ తగ్గుతుంది.