చేపలకు జనాభా ఉంటుందా?

సందేహం: ఆర్యా, నమస్కారం. జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. వేర్వేరు నదుల్లో ఉండే ఒకే జాతి చేపలను జన్యుపరంగా పోల్చి చూడడం నా విషయం. సారాంశం తెలుగులో రాయవలసి వచ్చి, ‘జన్యు సూచికల ద్వారా మంచినీటి చేపల జనాభాలను గుర్తించడం, పోల్చడం’ అని శీర్షిక పెట్టాను. జనాభా మనుషులకే గాని చేపలకేమిటని మిత్రుడొకరు నవ్వారు. ‘మత్స్యాభా’ అని మార్చమని మరొకరి సలహా. ఏది సాధువు? మార్కర్‌కు ‘సూచిక’ సరైన మాటేనా? డీఎన్ఏలో పదేపదే వచ్చే పొట్టి వరుసను, అంటే మైక్రోశాటిలైట్‌ను, ఒకచోట ‘సూక్ష్మ ఉపగ్రహం’ అన్నారు. అలా రాయవచ్చునా?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: ముందుగా ఆ ‘మత్స్యాభా’ను వచ్చిన నీళ్లలోకే వదిలేద్దాం. సంస్కృతంలో ‘ఆభ’ అంటే కాంతి. మత్స్యాభ అంటే చేప మెరుపు. ఎండ తగిలిన పొలుసు మీద పద్యం రాసేవారికి అక్కరకు వస్తుందేమో గాని, మీకు రాదు. ‘జన’ను కత్తిరించి ఆ చోట ‘మత్స్య’ను అతికిస్తే మాట తయారవుతుందనుకోవడం ఈ మధ్య ప్రబలిన రోగం. మాట బొంత కాదు, అతుకులు వేయడానికి.

మీ మిత్రుడి నవ్వులో సగం న్యాయం ఉంది. ‘జన్’ ధాతువుకు పుట్టడం అని అర్థం. జననం, జన్మ, జాతి, జనం అన్నీ దాని పిల్లలే. జంతువూ అంతే. ‘జంతూనాం నరజన్మ దుర్లభమ్’ అన్న చోట జంతువుల్లో నరుడూ ఉన్నాడు. జన్యువు సంగతి చెప్పనే అక్కరలేదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ యోహాన్సెన్ 1909లో ‘జీన్’ అని పేరు పెట్టినప్పుడు ఆధారం చేసుకున్న గ్రీకు మాటకూ మన ‘జన్’కూ దూరపు చుట్టరికం ఉంది. కనుక ధాతువును పట్టుకుని వాదిస్తే, పుట్టిన ప్రతిదీ జనమే, చేప కూడా. అయితే మాట పుట్టుక ఒకటి, నడక మరొకటి. తెలుగులో ‘జనాభా’ మనుషులతో నడిచింది, అంకెతో నడిచింది. జనాభా ఎంత అంటాం, జనాభా లెక్కలు అంటాం. బహువచనం దానికి ఇమడదు. ‘రెండు జనాభాలు’ అనేసరికి నాలుక కాస్త తడబడుతుంది. ఆ తడబాటు వ్యాకరణం కన్నా ముందు వచ్చే సాక్ష్యం.

మీ శాస్త్రంలో ఆ మాటకు అంకె ప్రధానం కాదని మీకు తెలుసు. తమలో తాము జతకట్టి, తరతరాలుగా ఒకే నీటిలో పిల్లలను కంటూ వచ్చిన చేపలు అని దాని భావం. సముద్రపు చేపకు హద్దులు తక్కువ. నది చేపకు గట్టే హద్దు. రెండు నదుల నడుమ ఒక మిట్ట ఉంటే చాలు, ఇటువి అటు పోలేవు. (కొర్రమీను తడినేల మీద కొంత పాకుతుందనుకోండి, దాని ధైర్యం దానిది.) అలా విడిపడి ఎన్నో తరాలు గడిస్తే, చూపుకు ఒకేలా ఉన్న చేపల్లో లోపలి రాత వేరవుతుంది. మీరు కొలిచేది ఆ తేడాను. దీనికి ‘ఎంత’ అనే మాట సరిపోదు, ‘ఎవరి బిడ్డలు’ అనే మాట కావాలి.

ఆ మాట మనకు ఉంది: సంతతి.

ఇక్కడ నేను పాత సంస్కృత నిఘంటువు అమరకోశం తెరవకుండా ఉండలేను. ఓపిక లేనివారు నాలుగు పేరాలు దాటి చదువుకోవచ్చు. పలు అర్థాల మాటలుండే నానార్థవర్గంలో, దాన్ని కూర్చిన అమరసింహుడు ‘ప్రజా స్యాత్ సంతతౌ జనే’ అన్నాడు. ప్రజ అంటే సంతతి, ప్రజ అంటే జనం. మీరూ మీ మిత్రుడూ తగవు పడిన రెండు భావాలనూ ఆయన ఒక పాదంలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. తెలుగులో రెండో అర్థమే బతికి, మొదటిది మరుగున పడింది. అందుకే రోజూ తెల్లవారుజామున ‘కౌసల్యా సుప్రజా రామ’ అని వింటూనే, అందులో మంచి ప్రజలెవరో వెతుక్కునేవారు ఉన్నారు. కౌసల్యకు మంచి బిడ్డవైన రామా అని దాని అర్థం.

బ్రహ్మవర్గం మొదట్లోనే వంశానికి తొమ్మిది పేర్లు చెబుతూ ఆయన ‘సంతతి’తో మొదలుపెట్టి ‘సంతాన’తో ముగించాడు: ‘సంతతిర్గోత్రజననకులాన్యభిజనాన్వయౌ, వంశోఽన్వవాయః సంతానః’. మొదటిదీ చివరిదీ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఆ ధాతువు ‘తన్’, అంటే సాగదీయడం, పరచడం. మగ్గం మీద పడుగు సాగదీసినట్టు. తంతువు దాని నుంచే, తంత్రి దాని నుంచే, పందిరిగా పరచిన వితానం దాని నుంచే. కొడుకు తనయుడు కావడం కూడా వంశాన్ని సాగదీస్తాడనే. ‘సం’ చేరితే తెగకుండా సాగేది సంతతి. ఎడతెగకుండా అనడానికి మన కవులు ‘సంతతం’ వాడుతూ వచ్చింది ఇందుకే.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోతున్న శిష్యుడికి ఆచార్యుడు చెప్పే బుద్ధుల్లో ఒకటి ఉంది: ‘ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః’. సంతానమనే దారాన్ని తెంచకు. ఆ సమాసాన్ని ఒకసారి విడదీసి చూడండి. ప్రజలో ‘జన్’, తంతువులో ‘తన్’. పుట్టడమూ సాగడమూ ఒక్క మాటలో ముడిపడ్డాయి. మీరు చేప కణంలోంచి బయటికి తీసే డీఎన్ఏను మన పాఠ్యపుస్తకాలు రెండు తంతువుల కుండలి అంటున్నాయి. తల్లి నుంచి పిల్లకు దిగి వచ్చే దారం అది. మైటోకాండ్రియాలోని డీఎన్ఏ అయితే దాదాపు తల్లి వైపు నుంచే వస్తుంది కనుక, దాన్ని పట్టుకుని వెనక్కి నడిస్తే తల్లుల వరుస ఒక్కటే కనిపిస్తుంది. ఉపనిషత్తులో డీఎన్ఏ ఉందని నేను అనడం లేదు. అలా అనేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దారం అనే ఉపమానం పాతదని, మళ్లీ మన చేతికే వచ్చిందని మాత్రం అంటున్నాను.

అమరుడి దగ్గర మీకు పనికివచ్చేది ఇంకొకటి ఉంది. వారివర్గంలో చేపకు ఎనిమిది పేర్లు చెప్పాక, ‘క్షుద్రాండమత్స్యసంఘాతః పోతాధానమ్’ అన్నాడు. చిట్టి గుడ్లలోంచి అప్పుడే బయటపడిన చేపపిల్లల గుంపుకు పోతాధానం అని పేరు. (ఆ వెంటనే వచ్చే పట్టికలో మొదటిది రోహితం. ఆ మాటే 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ పెట్టిన శాస్త్రీయ నామంలోకి ఎక్కింది. మనం ముచ్చటగా శీలావతి అని పిలుచుకునే చేప అది.) పోతాధానం ఒక సంఘాతం, అంటే ఒకచోట చేరిన గుంపు. అది సంతతి కాదు. ఈ తేడా మీ వలలో కూడా ఉంటుంది. నది మూల ఒక పిల్లల గుంపు మీద వల వేసి, దొరికిన యాభై చేపలే ఈ నది ప్రతినిధులని రాస్తే, అవన్నీ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. నదిలో అరుదైన జన్యురూపం అక్కడ మెండుగా కనిపిస్తుంది, మీ పోలిక తలకిందులవుతుంది. గుంపు చోటును బట్టి ఏర్పడుతుంది. సంతతి కాలాన్ని బట్టి సాగుతుంది. ‘సమూహం’ అని రాస్తే చాలదా అని అడిగేవారికి నా జవాబు ఇదే.

సంతతి అంటే జనం ‘పిల్లలు’ అనుకోరా అని మీరు అడగవచ్చు. పత్రికల్లో ‘భారత సంతతి శాస్త్రవేత్త’ అని చదివి ఎవరూ తికమక పడలేదు. అక్కడ సంతతి అంటే మూలం, ఎక్కడివారన్నది. ఆ వాడుకే మీకు రెడీగా ఉంది. పెంపకపు చెరువు నుంచి తప్పించుకున్న చేప నదిలో దొరికితే, దాని జన్యువులు చూసి ‘ఇది ఫలానా నది సంతతి’ అని రాయవచ్చు, చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది. అయితే ఏ పిల్లకు ఏ తల్లి అని తేల్చే అధ్యయనంలో మాత్రం ఈ మాట రెండు వైపులా లాగుతుంది. అక్కడ ‘పిల్లలు’ అనండి, సంతతిని దాచుకోండి. ఎన్ని చేపలున్నాయన్నది చెప్పవలసిన చోట ‘సంఖ్య’ ఉండనే ఉంది. ఇంత చెప్పినా, ‘జనాభా జన్యుశాస్త్రం’ అని పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన పేరును పెరికివేయమని నేను అనను. పరీక్షకుడు దాన్నే కోరితే రాసి బయటపడండి. తప్పనలేను. ఒప్పని చెప్పడానికి మనసు రావడం లేదు.

ఇక ‘సూచిక’. ఈ విషయంలో నాకు తటపటాయింపు లేదు, అది వద్దు. మాట చెడ్డదని కాదు. సూచి అంటే సూది, సూచించడం అంటే వేలుపెట్టి చూపడం. తంతువుకు సూది చక్కని జోడీ కదా అని నన్ను ఊరించకండి. చిక్కేమిటంటే, మీ శాస్త్రంలో ఆ కుర్చీలో ఇప్పటికే మరొకరు కూర్చున్నారు. అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు సీవల్ రైట్ ఇచ్చిన కొలత ఒకటుంది, రెండు సంతతుల మధ్య జన్యురూపాల వాటా ఎంత వేరో చెప్పేది. తేడా లేకపోతే సున్నా, పూర్తిగా వేరైతే ఒకటి. దాన్ని ‘స్థిరీకరణ సూచిక’ అంటారు. అప్పుడు మీ వాక్యం ‘సూచికల ద్వారా సూచికను లెక్కించాము’ అని తయారవుతుంది. చదివేవాడు ఏ సూచిక ఏదో తెలియక పుస్తకం మూస్తాడు.

గుర్తు అనండి, లేదా ఆనవాలు అనండి. నా ఓటు ఆనవాలుకే. గుర్తు మనం పెట్టేది కూడా కావచ్చు. చేప వెన్ను రెక్కకు బిళ్ల కట్టి వదిలినా అది గుర్తే. ఆనవాలు మాత్రం మనిషిలోనో వస్తువులోనో ఉన్నదాన్ని బట్టి, ఇతడు ఫలానా అని తేల్చుకునేది. హనుమంతుడు సీతకు చూపిన ఉంగరాన్ని మనం ఆనవాలు అనే చెప్పుకుంటాం. క్రియలు కూడా దానికి సిద్ధంగా ఉన్నాయి: ఆనవాలు పట్టవచ్చు, ఆనవాలు చిక్కవచ్చు, ఆనవాలు లేకుండా పోవచ్చు. ‘జన్యు ఆనవాలు’ సంస్కృతానికి తెలుగు అతికిన వైరి సమాసమని కళ్లెర్రజేసేవారు ఉంటారు. వారు ‘జన్యు గుర్తు’ను మాత్రం ఏ నోటితో ఒప్పుకుంటారో నాకు తెలియాలి.

సందు దొరికింది కనుక మరో రెండు మాటలు. ‘చేపల నిల్వలు తగ్గాయి’ అని రాస్తున్నారు. నిల్వ గిడ్డంగిలో ఉంటుంది, నదిలో ఉండదు. నిలవ చేప అంటే ఎవరూ దగ్గరికి రారు. ‘తాజా నీటి చేపలు’ అని ఒక యంత్రం అనువదించగా, మనుషులు దిద్దకుండా అచ్చు వేస్తున్నారు. ఉప్పునీటికి ఎదురు మంచినీరు, అది మీరు సరిగానే రాశారు. చేప తోక రెక్క అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి ఆల్కహాలులో భద్రపరుస్తారు కదా, దాన్ని ‘పుచ్ఛ వాజం’ అని రాయకండి. వాజం అంటే బాణానికి కట్టే ఈక అని అమరుడే చెప్పాడు. తోక రెక్క అంటే చేపకూ కోపం రాదు, మీ పరీక్షకుడికీ రాకూడదు.

చివరగా, ఉపగ్రహం. డీఎన్ఏను లవణ ద్రావణంలో వేసి అతివేగంగా తిప్పినప్పుడు, అసలు పట్టీకి పక్కగా మరో చిన్న పట్టీ తేలింది. పెద్దదాన్ని అంటిపెట్టుకుని ఉన్నది కనుక దానికి శాటిలైట్ అని పేరు పెట్టారు. అందులో ఒకే వరుస పదేపదే వచ్చేది. అంతకన్నా పొట్టి వరుసలకు మైక్రోశాటిలైట్ అన్నారు. రాకెట్టుతో దీనికి సంబంధం లేదు కనుక సూక్ష్మ ఉపగ్రహాన్ని దయచేసి ప్రయోగించకండి. మైక్రోశాటిలైట్ అనే ఉంచండి. తెలుగే కావాలంటే నా దగ్గర ఒక మాట ఉంది. డీఎన్ఏ రాతలో సి–ఎ అనే రెండక్షరాల జంట ఒక నది చేపలో పన్నెండుసార్లు, మరో నది చేపలో పదిహేనుసార్లు వరుసగా వచ్చిందనుకుందాం. సిఎ సిఎ సిఎ సిఎ... మన వ్యాకరణంలో దీన్నేమంటారో మీకు తెలుసు: ఆమ్రేడితం. రెండుసార్లు పలికిన ద్విరుక్తంలో రెండోదానికే ఆ పేరు, పన్నెండోదానికి చెల్లదని చిన్నయసూరి సూత్రం చూపించి నన్ను నిలదీసేవారికి ముందే లొంగిపోతున్నాను. అయినా మీ సారాంశంలో ఒక్కచోట, కుండలీకరణాల్లోనైనా సరే, ఆ మాట కనిపిస్తే సంతోషిస్తాను.