లక్కపిడత అడుగున పట్టే లోగో

ప్రశ్న: ఏటికొప్పాకలో మా ఇంటిల్లిపాదీ లక్కబొమ్మలు చేస్తాం. ఇన్నాళ్లూ దుకాణాలకు వేసేవాళ్లం. ఇప్పుడు సొంతంగా అమ్ముదామని మా మేనల్లుడితో ఫోన్లో లోగో చేయించాం. గుండ్రటి చట్రంలో తరిణి (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం), దాని మీద బొమ్మ, చుట్టూ అంకుడు ఆకులు, కింద వంపుగా మా పేరు, ‘లక్కబొమ్మలు’ అన్న మాట, మొత్తం అయిదు రంగులు. వాట్సాప్‌లో ముచ్చటగా ఉంది. రబ్బరు స్టాంపు చేయించి పిడతల అడుగున వేస్తే మాత్రం నల్లటి మరకలా పడుతోంది. స్టాంపు మార్చాలా, లోగో మార్చాలా?

జవాబు: లోగోనే మార్చండి. చిన్న పిడత అడుగున దొరికే చోటు మహా అయితే 15 మిల్లీమీటర్లు. 15 సెంటీమీటర్ల వెడల్పున గీసిన బొమ్మలో 2 మి.మీ. మందమున్న గీత అక్కడికి కుదించేసరికి 0.2 మి.మీ. అవుతుంది. అంత సన్నగీత స్టాంపులో నిలవదు. తెగిపోతుంది, లేదా పక్క గీతతో కలిసిపోతుంది. పైగా కర్రను పొడుగ్గా బిగించి తరిణి పడతారు కనుక పిడత అడుగున తేలేవి నార కొసలే. అవి సిరాను పీల్చి చుట్టూ పాకిస్తాయి. అందుకే గీత మందం, గీతల మధ్య ఖాళీ రెండూ 0.5 మి.మీ.కి తగ్గకూడదు.

లక్క పట్టించిన చోట స్టాంపు వేస్తే మామూలు సిరా ఇంకదు, వేలితో రుద్దితే పోతుంది. ఘాటైన ద్రావకాలతో చేసిన సిరా నిలుస్తుంది గానీ, సహజ రంగులని చెప్పి పసిపిల్లల చేతికిచ్చే బొమ్మకు అది వద్దు. ఇత్తడి అచ్చును వేడి చేసి ముద్ర వేయడం మేలు. అదీ లక్క లేని అడుగు మీదే వేయాలి, లేకుంటే లక్క కరిగి అచ్చుకు అంటుకుంటుంది. కాలిన మరక గీత దాటి వస్తుంది కాబట్టి గీతకు 1 మి.మీ., ఖాళీకి 1 మి.మీ. ఇవ్వండి. ఆ లెక్కన 15 మి.మీ.లో పక్కపక్కన పట్టేవి ఎనిమిది గీతలే. మీ లోగోలో ఒక్క ఆకు ఈనెలే అంతకన్నా ఎక్కువ ఉంటాయి.

కనుక తరిణినీ, ఆకులనూ తీసేయండి. ఆ పరిమాణంలో తరిణి ఏమిటో బయటివాళ్లు గుర్తుపట్టలేరు, అంకుడు ఆకు ఏ ఆకైనా కావచ్చు. మూత మీద బుడిపె ఉన్న పిడత ఆకారం ఒక్కటి చాలు. నిండు నలుపులో పిడత, నడుమున తెల్లగా వదిలిన రెండు పట్టీలు. మీరు రోజూ రంగు లక్కతో వేసే పట్టీలు అవే. పేరు లేని ఈ గుర్తు అడుగున వేయడానికి, పేరుతో కలిపినది పెట్టెలకూ బోర్డుకూ. ఈ రెండూ వేర్వేరుగా సిద్ధం చేసుకోండి.

పేరును వంపుగా రాయడం మానేయండి. ‘లక్కబొమ్మలు’లో ‘క్క’, ‘మ్మ’ రెండిటికీ కింద వత్తులున్నాయి. గుండ్రటి చట్రం పైభాగాన రాస్తే వత్తులు లోపలివైపుకు వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అడుగుభాగాన రాస్తే అంచుకు తగులుతాయి. తిన్నగా ఒకే వరుసలో రాసి, అక్షరం ఎత్తులో కనీసం సగం చోటు కింద వత్తులకు వదలండి. బొద్దు ఖతి (ఫాంట్) అందంగా ఉందని తీసుకుంటే మ, బ, ల లోపలి ఖాళీలు సిరాతో పూడిపోతాయి. మధ్యస్థ మందమే క్షేమం. మండలి వంటి ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి, లోగోలో వాడుకోవచ్చు.

గీయడం కాగితం మీదే మొదలుపెట్టండి. గళ్ల కాగితం మీద 3 సెంటీమీటర్ల గళ్లలో ఇరవై పిడతలు గీసి, మూడు ఎంచి, నల్ల సిరాతో నింపండి. ఫొటో తీసి, ఉచితంగా దొరికే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో దాని మీదుగా చేత్తో గీతలు లాగండి. ఫొటోను దానంతటదే గీతలుగా మార్చే సౌకర్యాన్ని నమ్ముకుంటే వందల బిందువులు పడి అంచు వణికినట్టు వస్తుంది. పిడత పక్క వంపుకు మూడు బిందువులు చాలు. సగం గీసి రెండో సగం అద్దంలోలా తిప్పి అతికించండి.

ఆ తర్వాత కన్ను చేసే మోసాన్ని సరిదిద్దాలి. ఒకే ఎత్తున్న చతురస్రం పక్కన గుండ్రటి ఆకారం చిన్నదిగా కనబడుతుంది, అందుకే దాన్ని రెండు మూడు శాతం పెంచుతారు. నల్లటి నేల మీద తెల్ల గీత అసలుకన్నా లావుగా తోస్తుంది. ముదురు పెట్టె మీద వేసే లోగోలో గీతలు కాస్త సన్నబరచండి. చివరగా 10, 15, 25, 50 మి.మీ. సైజుల్లో ఒకే కాగితం మీద నలుపులో అచ్చు తీసి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి, తలకిందులు చేసి చూడండి. జెరాక్సుకు జెరాక్సు తీసినా పిడత పిడతలాగే ఉంటే స్టాంపుకు ఇవ్వొచ్చు.

రంగు సంగతి అప్పుడే, ముందు కాదు. జాఫ్రా గింజల నారింజ ఎరుపు ఒక్కటి చాలు: అచ్చు రంగుల శాతాల్లో మజెంటా 70, పసుపు 100, మిగతా రెండూ (సయాన్, నలుపు) సున్నాతో మొదలుపెట్టి, మీ లక్కను పక్కన పెట్టుకుని అచ్చు సరిచూసుకోండి. పసుపు రంగు తెల్ల కాగితం మీద కనబడదు, గోధుమరంగు అట్టపెట్టె మీద చచ్చిపోతుంది. అట్టపెట్టెకు నలుపో, ముదురు నీలిమందు రంగో వాడండి.

ప్రశ్న: లోగోలో ‘ఏటికొప్పాక’ అని పెట్టి ట్రేడ్‌మార్కు తీసుకోవచ్చా? జీఐ (భౌగోళిక గుర్తింపు) గుర్తు వేయొచ్చా?

జవాబు: ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఊళ్లోని కళాకారులందరిదీ, ఒకరి ట్రేడ్‌మార్కుగా నమోదు కాదు. మీ సొంత పేరు, పిడత గుర్తు కలిపి దరఖాస్తు చేయండి. బొమ్మలు 28వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు, నమోదు పదేళ్లు చెల్లుతుంది. దరఖాస్తు చేశాక ‘టీఎం’ అని వేసుకోవచ్చు. గుండ్రంలో ‘ఆర్’ అక్షరమున్న గుర్తు మాత్రం నమోదయ్యాకే, ముందే వేస్తే నేరం. జీఐ గుర్తు కోసం మీరు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అయ్యాక దాన్ని లోగోలో కలపకండి, పెట్టె మీద విడిగా వేయండి.

ప్రశ్న: డిజైనర్ దగ్గర ఏమేం తీసుకోవాలి?

జవాబు: ఎస్‌వీజీ, పీడీఎఫ్, నేపథ్యం లేని పీఎన్‌జీ ఫైళ్లు. అక్షరాలన్నీ ఆకృతులుగా మార్చి ఇవ్వమనండి, లేదంటే ప్రెస్‌లో ఆ ఖతి లేక వత్తులు విడిపోతాయి. డబ్బిచ్చినంత మాత్రాన హక్కులు మీవైపోవు, కాగితం మీద రాయించుకోండి. అందులో గడువు రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే హక్కు ఇచ్చినట్టు లెక్క. విదేశాల వాళ్లకూ అమ్మే ఆలోచన ఉంటే ‘పూర్తి కాలానికి, ప్రపంచమంతటా’ అని రాయించి సంతకం తీసుకోండి.