మీరు వాటాదారా, రోజు కూలీయా? ముందు అది తేలాలి

ప్రశ్న: మాది రాజన్న సిరిసిల్ల జిల్లా. 2011లో నలుగురం కలిసి జానపద కళాబృందం పెట్టుకున్నాం. పాటలు రాసేది, పాడేది నేను. డప్పు కూడా కొడతాను. మా లీడర్‌ను సొంత అన్న లెక్కనే చూసుకున్నాను. బ్యాంకు ఖాతా, యూట్యూబ్ ఛానెల్ అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. 2023 శివరాత్రి రాత్రి వేములవాడలో ప్రోగ్రాం అయ్యాక పైసల దగ్గర మాటామాటా పెరిగి విడిపోయాం. అప్పటినుంచి పెద్దమనుషుల దగ్గర పంచాయితీ నడుస్తూనే ఉంది. ఇప్పుడేమో 'నువ్వు రోజు లెక్కన వచ్చి డప్పు కొట్టినవ్, నీకు వాటా ఎక్కడిది' అంటున్నాడు. నా పాటలు నేను కొత్త ఛానెల్‌లో పెట్టుకుంటే రెండు కాపీరైట్ స్ట్రైకులు వేయించాడు. నన్ను ప్రోగ్రాంలకు పిలవొద్దని అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. రాసుకున్న కాగితం ఏదీ లేదు. 2011 నాటి స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ తయారు చేయిస్తానని తెలిసిన డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. దాంతో చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: మీ ఉత్తరం ఏడు పేజీలుంది. ఆరు పేజీలు అన్న చేసిన ద్రోహానికే సరిపోయాయి. ఆ బాధను నేను కాదనను. కానీ కోర్టులో దానికి విలువ లేదు. కేసుకు పనికొచ్చే మాట ఐదో పేజీ అడుగున ఉంది. అక్కసుతో రాసి దాటేశారు: 'జగిత్యాల దగ్గర వర్షం పడి ప్రోగ్రాం పోయిన రోజు బండి కిరాయి 3,200 అయితే, నా జేబులోంచి కూడా 800 కట్టిన.'

మీ కేసు ఆ 800 రూపాయల మీద నిలబడుతుంది.

ఎందుకంటే ఆయన వాదన ఒక్కటే, మీరు కూలీ అని. భాగస్వామ్య చట్టం, 1932 ప్రకారం లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన ఎవరూ భాగస్వామి అయిపోరు. జీతానికి బదులు లాభంలో ఇంత అని ఇచ్చే పద్ధతి కూడా ఉందని సెక్షన్ 6 చెబుతుంది. కాబట్టి '22,000 మిగిలితే నాలుగు పాళ్లు చేసి నాకు 5,500 ఇచ్చేవాడు' అని మీరంటే, అది కూలీయేనని ఆయన వకీలు అంటాడు. కానీ కూలీ నష్టం కట్టడు. ప్రోగ్రాం రద్దైతే కూలీ ఇంటికి పోతాడు, మహా అయితే బస్సు చార్జీ అడుగుతాడు. 3,200 నలుగురూ తలా 800 వేసుకున్నారంటే అది నలుగురి వ్యాపారం. నష్టం పంచుకోకపోతే భాగస్వామ్యమే కాదని చట్టంలో ఎక్కడా లేదు. కానీ పంచుకున్నట్టు రుజువుంటే అంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

పైగా ఆ లెక్క నోట్‌బుక్‌లో ఆయన స్వదస్తూరీతోనే ఉందని, నోట్‌బుక్ మీ ఇంట్లోనే ఉందని రాశారు. చాలా మంచిది. అయితే వెనక పేజీల్లో మీ పిల్లలు ఎక్కాలు రాశారని, అవి చింపి 'నీట్‌గా' బైండింగ్ చేయించాలనుకుంటున్నారని కూడా రాశారు. దయచేసి దాని జోలికి పోకండి. ఒక్క పేజీ చింపినా, వైట్‌నర్ పూసినా, మిగతా పేజీల మీదా అనుమానం వస్తుంది. లామినేషన్ అసలే వద్దు. రేపు దస్తూరీ పరీక్షకు పంపాల్సి వస్తే సిరాను, కాగితాన్ని పరీక్షించనివ్వదు. ఎక్కాలతో కేసుకు నష్టమేమీ లేదు. ప్రతి పేజీకీ ఫొటో తీసి, నోట్‌బుక్‌ను బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఇక స్టాంప్ పేపర్ సంగతి. మీ డాక్యుమెంట్ రైటర్ రాసిచ్చిన ముసాయిదాను ఉత్తరానికి జతచేశారు కదా, చదివాను. పైన తేదీ 2011 ఆగస్టు. మొదటి వాక్యంలోనే 'తెలంగాణ రాష్ట్రం, రాజన్న సిరిసిల్ల జిల్లా వాస్తవ్యులు' అని ఉంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న. రాజన్న సిరిసిల్ల జిల్లా వచ్చింది 2016 అక్టోబర్‌లో. 2011లో మీరంతా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కరీంనగర్ జిల్లా వాస్తవ్యులు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు ఈ వాక్యాన్ని మీచేతే చదివిస్తాడు. అంతటితో మీ నోట్‌బుక్‌ను కూడా ఎవరూ నమ్మరు.

ఆ తప్పు దిద్దించి ఇంకోటి రాయిద్దామని అనుకోకండి. స్టాంప్ వెండర్ రిజిస్టర్ అనేది ఒకటి ఉంటుంది, ఏ నంబరు కాగితం ఎప్పుడు ఎవరికి అమ్మాడో అందులో ఉంటుంది. లీడర్ సంతకం 'వాళ్లే చూసుకుంటారట' అని మీరు తేలిగ్గా రాశారు. చూసుకోవడం అంటే ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహితలో అది నేరం. కోర్టు కేసు కోసం దొంగ సాక్ష్యం పుట్టించడం ఇంకో నేరం, దానికి ఏడేళ్ల వరకు జైలు. ఇదంతా ఎందుకోసం? భాగస్వామ్యానికి రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలని చట్టం అడగనే లేదు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, నడిచిన తీరును బట్టి రుజువు చేసుకోవచ్చు. అవసరమే లేని కాగితం కోసం జైలు దాకా పోతానంటున్నారు. దాని మీద ఎవరూ సంతకం పెట్టకండి.

చీటింగ్ కేసు కూడా నిలబడదు. మోసం అనాలంటే మొదటి రోజు నుంచే ముంచే ఉద్దేశం ఉండాలి. పన్నెండేళ్లు కలిసి తిరిగి, కలిసి పంచుకుని, ఆ తర్వాత చెడితే అది సివిల్ తగాదా అని స్టేషన్‌లోనే తిప్పి పంపుతారు. ఎఫ్ఐఆర్ అయినా కూడా, లెక్కలు తేల్చి వాటా ఇప్పించమని మీరు వేయాల్సిన లెక్కల దావా గడువు ఆగదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ గడువే. మీరు దాని ఊసే ఎత్తలేదు.

రద్దయిన భాగస్వామ్యంలో లెక్కలు, లాభంలో వాటా అడగాలంటే లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూల్ ఆర్టికల్ 5 ప్రకారం రద్దయిన తేదీ నుంచి మూడేళ్లు. మీరు విడిపోయింది శివరాత్రి రాత్రి, అంటే 2023 ఫిబ్రవరి 18. రెండు రోజుల తర్వాత మీరు వాట్సాప్ గ్రూపులో 'మన టీం ఇక లేదు, ఎవరి లెక్క వాళ్లకు తేల్చండి' అని పెట్టారట. ఆ మెసేజ్ తేదీ నుంచి లెక్కించాలని వాదించవచ్చు. కానీ గడువు విషయంలో ఎప్పుడూ ముందున్న తేదీనే పట్టుకోవాలి. కాబట్టి మీకు ఆఖరు రోజు 2026 ఫిబ్రవరి 18. ఇది రాస్తున్నది 2025 నవంబర్‌లో. మూడు నెలలు ఉందనుకోండి, అంతే.

పెద్దమనుషుల దగ్గర కూర్చున్న రెండున్నరేళ్లూ ఈ లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు. 'ఇస్తానని అందరి ముందు ఒప్పుకున్నాడు' అన్నా లాభం లేదు. గడువు లోపల రాసి సంతకం పెట్టి ఉంటే, అదే చట్టం సెక్షన్ 18 కింద కొత్తగా మూడేళ్లు మొదలయ్యేవి. నోటిమాటకు ఆ బలం లేదు. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాయించుకోవాలని పన్నెండు పంచాయితీల్లో ఒక్కరికీ తోచలేదా? మీకైనా తోచాలి కదా! లాయర్ నోటీసుతోనూ గడువు ఆగదు. ఈ రోజే రద్దు చేస్తున్నానని కొత్త నోటీసిచ్చి తేదీ జరుపుదామని ఎవరైనా చెబితే వినకండి, 2023లో ఆ మెసేజ్ పెట్టింది మీరే కదా!

మీ ఉత్తరంలో ఒక మాట మార్చుకోవాలి. 'నేను బయటికి వచ్చేశాను' అని మూడు చోట్ల రాశారు. దావాలో ఆ మాట రాస్తే అక్కడే దెబ్బ తింటారు. మీ సంస్థ రిజిస్టర్ కాలేదు. రిజిస్టర్ కాని సంస్థలో భాగస్వామి, సంస్థ మీదగానీ తోటి భాగస్వామి మీదగానీ హక్కుల దావా వేయకుండా భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 అడ్డుపడుతుంది. రద్దయిన సంస్థ లెక్కల కోసం వేసే దావాకు మాత్రం మినహాయింపు ఉంది. అంటే మీరు తప్పుకోవడం కాదు, బృందమే రద్దైంది. మీ వాట్సాప్ మెసేజ్‌లో 'టీం ఇక లేదు' అన్నారు కాబట్టి బతికిపోయారు. అప్పుడు కోపంలో రాసిందే ఇప్పుడు మిమ్మల్ని కాపాడుతోంది.

కానీ ఆ మెసేజ్ ఏది? పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశారు, బ్యాకప్ లేదు. డప్పు తోలు వానకు తడవకుండా కవర్లో చుట్టి దాచుకునే మనిషి, తగాదా నడుస్తుండగా ఫోన్‌ను మూడు వేల తగ్గింపు కోసం ఇచ్చేస్తారా? సరే, పోయింది పోయింది. మీ బృందంలోని డోలక్ ఆయన ఇప్పటికీ అదే గ్రూపులో ఉన్నాడని రాశారు. దొంగ కాగితం మీద సంతకం పెట్టడానికి సిద్ధపడ్డ ఆ మనిషి ఫోన్‌లోనే మీ అసలు సాక్ష్యం ఉంది. ఆ చాట్‌ను ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో పార్ట్ ఎ, పార్ట్ బి అని రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింట్లు తెచ్చి బల్ల మీద పెడితే అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు.

దీంతో పాటు మీ బ్యాంకు స్టేట్‌మెంట్ 2011 నుంచి తీయించండి. నిర్వాహకులు మీ నంబరుకు బయానా కొట్టి, మీరు దాన్ని లీడర్ ఖాతాకు పంపిన లావాదేవీలు ఏవైనా ఉంటే గుర్తు పెట్టుకోండి. బృందం తరఫున బయానా పట్టేది కూలీ కాదు. ఛానెల్ మీద ఆయనకు వచ్చిన డబ్బు ఎంతో మీరు రుజువు చేయక్కర్లేదు. ఖాతా వివరాలు బయటపెట్టించమని కోర్టును అడగవచ్చు. లెక్కలు తేల్చకుండానే ఆయన ఉమ్మడి ఆస్తితో వ్యాపారం నడుపుతున్నందున, విడిపోయిన తర్వాతి లాభంలో వాటా గానీ, లేదా మీ వాటా సొమ్ము మీద ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ కోరుకునే వీలు భాగస్వామ్య చట్టం సెక్షన్ 37లో ఉంది. ఛానెల్ బాగా నడుస్తోంది కాబట్టి వాటానే అడగండి. దావాలో నలుగురూ పక్షాలుగా ఉండాలి, మీతో మంచిగా ఉన్నవాళ్లతో సహా.

మీ వాటా విలువ 3 లక్షలు దాటితే ఇది కమర్షియల్ కోర్టు తగాదా కింద వస్తుందేమో మీ వకీలు చూడాలి. అలా వస్తే, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టాలి. అక్కడ గడిపిన కాలాన్ని మాత్రం గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. పెద్దమనుషుల దగ్గర రెండున్నరేళ్లకు దొరకని వెసులుబాటు ఇక్కడ దొరుకుతుంది. వకీలు ఫీజుకు ఇబ్బందైతే అదే ఆఫీసులో ఉచిత సాయం అడగండి. ఎస్సీ, ఎస్టీలైతే ఆదాయ పరిమితి చూడరు.

పాటల విషయం వేరు, రెండింటినీ కలిపి గందరగోళం చేసుకోకండి. మీరు రాసి, బాణీ కట్టిన పాటకు మాట, బాణీ మీవే. కాపీరైట్ చట్టం, 1957 సెక్షన్ 19 ప్రకారం మీరు రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప ఆ హక్కు ఎవరికీ పోదు. '2019లో స్టూడియోలో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, చదవలేదు' అన్నారు. చదవకుండా సంతకాలు పెట్టే అలవాటు ఎప్పుడు పోతుందో! ఆ కాగితం కాపీ సంపాదించండి. అందులో ఎన్నేళ్లకు ఇచ్చారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. అంటే 2024తోనే అయిపోయింది. 'శాశ్వతంగా' అని ఉంటే మాత్రం కథ మారుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

మాట, బాణీ మీవైనంత మాత్రాన పాత రికార్డింగ్ మీది కాదు. రికార్డింగ్ హక్కు దాన్ని తీయించిన నిర్మాతది. స్టూడియో ఖర్చు బృందం సొమ్ములోంచి పోయి ఉంటే, అది ఉమ్మడి ఆస్తి అని అదే లెక్కల దావాలో అడగాలి. మీ మీద పడ్డ రెండు స్ట్రైకుల్లో ఒకటి మీరు కొత్తగా పాడి రికార్డు చేసుకున్న పాట మీద. 2019 కాగితంలో మీ హక్కు ఇంకా మీ దగ్గరే ఉందని తేలితే దానికి యూట్యూబ్‌లో కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఆ స్ట్రైక్ తప్పని మీ అభ్యంతరం, ఇవ్వండి. 10 పని దినాల్లో ఆయన కోర్టుకు వెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి వస్తుంది. మీ పేరు, చిరునామా ఆయనకు చేరతాయి, దానికేమీ భయం లేదు. రెండోది పాత ఆడియోకే కొత్త బొమ్మలు అతికించింది. దానికి కౌంటర్ ఇవ్వకండి, అక్కడ తప్పు మీది. 90 రోజుల్లో మూడో స్ట్రైక్ పడితే ఛానెలే పోతుంది, కాబట్టి పాత ఆడియో వాడిన వీడియోలు ఇంకేవైనా ఉంటే ఈ రాత్రే తీసేయండి. తరతరాలుగా జనం పాడుకుంటున్న పాటలు ఎవరి సొత్తూ కావు, వాటిని మీ గొంతుతో కొత్తగా పాడుకోండి.

బృందం పేరు నలుగురిదీ. లెక్కలు తేలేదాకా ఆయన ఒక్కడే ఆ పేరు వాడుకోకుండా భాగస్వామ్య చట్టం సెక్షన్ 53 కింద ఆపమని అడగవచ్చు. మీరూ వాడకూడదు. పోస్టర్ మీద మీ సొంత పేరు పెద్దగా వేసుకుని, కింద 'ఫలానా బృందంలో 12 ఏళ్లు పాడిన' అని నిజం రాసుకుంటే తప్పులేదు. నిర్వాహకులకు ఆయన చేస్తున్న ఫోన్ల మీద ఇప్పుడే పరువు నష్టం దావా అంటూ పరుగెత్తకండి. ఎవరికి ఏ తేదీన ఏం చెప్పాడో రాసి ఉంచండి. మీరు ఎక్కడా పాడకూడదని ఆపే హక్కు మాత్రం ఆయనకు లేదు.

వచ్చే వారంలో జిల్లా కోర్టులో సివిల్ కేసులు చేసే వకీలును కలవండి. నోట్‌బుక్ ఒరిజినల్, స్టేట్‌మెంట్లు పట్టుకెళ్లండి. డోలక్ ఆయన్ను కూడా వెంట తీసుకెళ్లండి. దసరాకు కొత్త ఫోన్ కొన్నానని ఆయన చెప్పినట్టు మీరు రాశారు. పాతది ఇంకా ఇంట్లోనే ఉందో లేదో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి.