క్రేన్ ఆగింది, షేరు ఆగలేదు

ప్రశ్న: మా ఫ్లాట్ బాల్కనీకి ఎదురుగా ఓ పెద్ద కంపెనీ టవర్లు కడుతోంది. నాలుగు నెలలుగా క్రేన్ కదల్లేదు. జీతాలు రావట్లేదని వాచ్‌మన్ చెప్పాడు. షేరు మాత్రం 36 నుంచి 42 రూపాయలకు పెరిగింది! పీఈ (షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 6 మాత్రమే, కారుచౌక, కొనెయ్ అంటాడు మా కొలీగ్. నాకేమో ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ఇవాళే ధర ఖాయం చేసుకునే బేరాల్లో) రెండు లాట్లు, అంటే రెండు కట్టల షేర్లు, షార్ట్ చేయాలనుంది: ముందే అమ్మేసి, ధర పడ్డాక కొనాలని. వార్షిక నివేదిక పేజీలు కొన్ని పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ కొలీగ్ సంగతి. బ్యాంకులో ముప్పయ్యేళ్లు లోన్ల ఫైళ్లు తిరగేసినవాణ్ని. నా కన్ను లాభం కంటే ముందు వడ్డీ మీదికే పోతుంది. మీ పేజీల్లో వ్యాపారం మీద ఖర్చులు పోను వచ్చింది 1,450 కోట్లు, వడ్డీ 1,700 కోట్లు. మరి 700 కోట్ల లాభం ఎక్కడిది? కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి: స్థలం అమ్మగా వచ్చిన 950 కోట్లు. ఆ స్థలాన్నే వచ్చే ఏడాది మళ్లీ అమ్మలేరు కదా! అది తీసేస్తే మిగిలేది నష్టమే, పీఈ అనేదే లేదు. పైగా షేర్లన్నీ కలిపి 4,200 కోట్లయితే, నెత్తిన అప్పు 15,500 కోట్లు. ఇల్లు ఇరవై లక్షలకే వస్తోందని సంబరపడి, దాని మీదున్న ఎనభై లక్షల లోన్ చూసుకోనట్టుంది ఈ బేరం. దివాలా తీస్తే అప్పులిచ్చినవాళ్ల తర్వాతే షేరుదారులు. 2021లో దివాలా తీసిన గృహరుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేర్లున్నవాళ్లకు పైసా రాలేదు.

ఇదంతా అంకెలు నిజమైతేనే. మన ఊరి ఐటీ కంపెనీ సత్యం పుస్తకాల్లో 5,361 కోట్ల నగదు ఉండేది. అందులో 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాశారు. అందుకే రావాల్సిన బాకీలు కూడా చూస్తాను. మీ కంపెనీ అమ్మకాలు 4 శాతం పెరిగితే బాకీలు 60 శాతం పెరిగాయి. బిల్లులు రాస్తున్నారు, డబ్బు రావట్లేదు.

కాబట్టి మీ అనుమానమే నాదీను. షార్ట్ మాత్రం వద్దు. జెట్ ఎయిర్‌వేస్ విమానాలు 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. జూన్ 20న దివాలా పిటిషన్‌ను కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ స్వీకరించింది. షేరు ఆ ఒక్కరోజే దాదాపు రెట్టింపైంది! షార్ట్ చేసినవాళ్లంతా ఒక్కసారి కొనడానికి ఎగబడితే అలాగే ఉంటుంది.

నాకూ ఓసారి ఇలాంటి షార్ట్‌లోనే తగిలింది. మెహిదీపట్నంలో మేనకోడలి పెళ్లి, తలంబ్రాల వేళ బ్రోకర్ ఫోన్. "సార్, రెండింటిలోగా లక్షా నలభై వేలు మార్జిన్ కట్టాలి." మార్జిన్ అంటే నష్టానికి పూచీగా కట్టే సొమ్ము. పట్టుపంచె మీదే బయటికొచ్చి, నష్టానికి వదిలించుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఆ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. మా ఆవిడ ఆ పేపరు కటింగ్ దాచిపెట్టింది, ఎందుకో అడగలేదు.

మీ లాట్‌కి 15,000 షేర్లనుకుందాం. ధర 50కి పోతే రెండు లాట్ల మీద 2 లక్షల 40 వేలు జేబులోంచి పోతాయి. గడువుదాకా ఉంచితే మీ దగ్గర లేని షేర్లు డెలివరీ ఇవ్వాలి. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) చేసిన చిన్న మదుపరుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అంతగా చెయ్యి ఊరుకోకపోతే ఒక పుట్ ఆప్షన్ (ఖాయం చేసిన ధరకు అమ్ముకునే హక్కు) కొనుక్కోండి. పోతే దానికి కట్టిన ప్రీమియమే పోతుంది. అదీ చౌకగా ఏం దొరకదు.

ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) తమ షేర్లు ఎంతమేర తాకట్టు పెట్టారో ఉండే పేజీ మీరు పంపలేదు. ఎక్స్చేంజి వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అది చూసి మళ్లీ రాయండి. వాచ్‌మన్‌కి జీతం పడిందేమో కూడా కనుక్కోండి.