ఏఐ వచ్చాక అమెరికా రావచ్చా అని అడిగే పిల్లలకు

మొన్న సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేటలో మా అక్కయ్య ఇంట్లో దిగాను. వాళ్లబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వస్తున్నాడు, నేనుండే ఊరికే. రాత్రి భోజనాలయ్యాక డాబా మీదకి వచ్చి, వాళ్ల నాన్నకు వినపడకుండా అడిగాడు: "పిన్నీ, నలభై లక్షలు లోను తీసుకుని వస్తున్నాను. నా చదువు అయ్యేసరికి కోడంతా ఏఐయే రాసేస్తే నాకు ఉద్యోగం ఎవరిస్తారు?" ఇదే టెన్షన్‌తో ఈమధ్య చాలామంది పిల్లలు నాకు ఫోన్ చేస్తున్నారు. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

భయపడాల్సిందేమీ లేదని నేను అనను. మా టీములో కొత్తగా చేరినవాళ్లకు మొదట్లో చిన్న చిన్న బగ్గులు, టెస్టులు, ఒకటో రెండో స్క్రీన్లు ఇచ్చేవాళ్లం. ఆ పని చేస్తూనే పెద్ద పని నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు అందులో చాలా భాగం ఏఐతోనే అయిపోతోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పుడు ఇంత త్వరగా ఇక్కడిదాకా వస్తుందని నేను అనుకోలేదు. మొదటి మెట్టు ఎత్తయిన మాట నిజం.

వాణ్ని లాప్‌టాప్ తెమ్మన్నాను. ఒక దుకాణానికి ఆన్‌లైన్లో డబ్బు కట్టించుకునే కోడు ఏఐతో రాయించమన్నాను. నిమిషంలో వచ్చింది, నడిచింది కూడా. బ్యాంకు నుంచి జవాబు రాకపోతే మూడుసార్లు మళ్లీ ప్రయత్నించే ఏర్పాటూ పెట్టింది. "డబ్బు కట్ అయింది, జవాబు మాత్రం దారిలో పోయింది. అప్పుడేమవుతుంది?" అన్నాను. వాడు కాసేపు స్క్రీన్ వంక చూసి, "మళ్లీ కట్ అవుతుంది పిన్నీ" అన్నాడు. ప్రతి చెల్లింపుకీ విడిగా ఒక నంబరు ఇచ్చి, అదే నంబరు మళ్లీ వస్తే రెండోసారి డబ్బు తీసుకోకుండా చూడాలి. ఆ మాట చెప్పగానే ఏఐ కోడు సరిచేసింది. కానీ చెప్పాలని మనకు తోచాలి కదా! ఇక మీదట జీతం దానికే.

మా బావగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చి ఎన్నాళ్లయినా, టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి నాలుగు కాయలు తీసి, విరిచి, తేమ చూశాకే ఆయన ధర మాట్లాడతారు. వాడు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఏఐ రాసిన కోడునీ అలాగే చెయ్యి పెట్టి చూడమన్నాను.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెబుతాను. చదువు అవగానే ఎవరో ఒకరు ఐదేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమే తయారుచేస్తామంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఇంటర్వ్యూల్లో నేనిప్పుడు కోడు రాయమని అడగడం తగ్గించేశాను. రాసి ఉన్న కోడు చూపించి, ఎక్కడ దెబ్బతింటుందో చెప్పమంటాను. లేని అనుభవం అక్కడ పది నిమిషాలు నిలవదు. పైగా ఆ అబద్ధం రేపు వీసా కాగితాల్లోకి ఎక్కితే మెడకు చుట్టుకుంటుంది.

ఎంత బాగా పనిచేసినా ఉద్యోగం పోవచ్చు. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలినప్పుడు నాదీ పోయింది. శుక్రవారం మధ్యాహ్నం బ్యాడ్జి తీసేసుకున్నారు. నా హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) కాగితాలు ఆఫీసు డెస్కు సొరుగులోనే ఉండిపోయాయి. వాటికోసం పది రోజులు తిరిగాను. ఉద్యోగం పోయాక దేశంలో ఉండి ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు, గ్రేస్ పీరియడ్, అప్పట్లో లేదు. 2017 నుంచి హెచ్‌1బీ వాళ్లకు 60 రోజుల దాకా గడువు ఉంటోంది. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి, శని ఆదివారాలతో కలిపి లెక్క. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకుముందే ముగిసిపోతే అప్పటిదాకానే. ఆలోపు కొత్త కంపెనీ మన పేరిట హెచ్‌1బీ పిటిషన్ వేస్తే పనిలో చేరవచ్చు. ఓపీటీ (చదువయ్యాక విద్యార్థులకు ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నవాళ్లు మొత్తమ్మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే 150.

అందుకే ఐ-797 (వీసా పిటిషన్ ఆమోద పత్రం), పే స్టబ్బులు (జీతం చీటీలు), డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల కాగితం) అన్నీ ఇంట్లో ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆరు నెలల అద్దెకు, తిండికి డబ్బు చేరాకే కొత్త కారు మాట. ఉద్యోగం పోతే ఆ రోజే నలుగురికీ చెప్పండి. మన పిల్లలు సిగ్గుపడి నెల రోజులు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు, అరవైలో ముప్పై అలాగే కరిగిపోతాయి. మావాడికైతే ముందే చెప్పాను, అర్ధరాత్రి అయినా సరే, మొదటి ఫోను నాకే చెయ్యమని.